బుడగ లేని అచ్చు

ఫిబ్రవరి 5, బుధవారం

లూడీకి చెప్పడం నాదే బుద్ధి తక్కువ. మధ్యాహ్నం సూప్ తాగుతూ, పళ్ళకి క్లిప్పులు పెట్టించుకుంటానని నోరు జారాను. నా చెల్లెలు చెంచా గిన్నెలో పడేసి నవ్వింది. అది నవ్వితే మూడిళ్ళ అవతలికి వినిపిస్తుంది.

"నలభై నాలుగేళ్ళొచ్చాక ఇప్పుడు క్లిప్పులేంటక్కా? ఎవడైనా దొరికాడా?"

"ఎవడూ దొరకలేదు. కింది పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అరేపా రొట్టె కొరకలేకపోతున్నాను."

"ఇన్నేళ్ళూ ఎలా తిన్నావు మరి? ఎవరైనా నమిలి పెట్టారా?"

నమలడానికే. ఇంకెందుకూ కాదు. లూడీ కూతురి పదిహేనేళ్ళ పండుగ ఫొటోల్లో నేనొక్కదాన్నే నోరు బిగించుకుని నిలబడ్డానని ఎవరో అన్నారు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఫిబ్రవరి 6, గురువారం

లూడీ తను పనిచేసే చెప్పుల కార్ఖానా మొత్తానికి చెప్పేసింది. సాయంత్రం ఇంటికొచ్చి సలహాల మూట విప్పింది. అంచులు కుట్టే ఆవిడ బస్టాండు పక్క క్లినిక్‌కి వెళ్తుందట, బస్సు దిగగానే ఉంటుంది కాబట్టి. జిగురు పూసే అమ్మాయి ఇంకోచోట చేరిందట, అక్కడ క్లిప్పుల మీది రబ్బరు రింగులు తన ఫుట్‌బాల్ జట్టు రంగులో దొరుకుతాయి కాబట్టి. మేస్త్రీ భార్య కనిపించని ప్లాస్టిక్ తొడుగులు చేయించుకుందట, వాళ్ళ వదిన చేయించుకుంది కాబట్టి.

"చెప్పులు కొనేటప్పుడైనా లోపల చెయ్యి పెట్టి చూస్తారు కదే," అన్నాను. "నోరు అప్పగించేటప్పుడు ఆ మాత్రం చూడరా?"

"నువ్వు చూడు మరి. ప్లాస్టర్ మహారాణివి."

చూస్తాను.

ఫిబ్రవరి 8, శనివారం

చూశాను. చూడటానికి నాకు బస్సెక్కాల్సిన పని లేదు.

ఇరవై రెండేళ్ళుగా దోన్ ఇస్నార్దో నడిపే పళ్ళ ల్యాబులో ప్లాస్టర్ గది నాది. పదిహేడు మంది డాక్టర్లు రోగుల నోళ్ళలో తీసిన అచ్చులు నా బల్ల మీదికే వస్తాయి. ప్లాస్టర్ పోస్తే పళ్ళ బొమ్మ లేస్తుంది, ఆ బొమ్మ మీద ప్లేట్లు, కొక్కేలు, తీగలు చేస్తాను. డాక్టరు మొహం నేను చూడక్కర్లేదు. అచ్చు చూస్తే మనిషి తెలిసిపోతాడు. తొందరవాడి అచ్చులో బుడగలుంటాయి. బద్ధకస్తుడి అచ్చు దవడ పళ్ళ దాకా పోదు. గర్విష్ఠి అచ్చు చిరిగి ఉంటుంది, అయినా అలాగే పంపిస్తాడు, మళ్ళీ తీయడం నామోషీ. డాక్టర్ అమాయా అనే చిగుళ్ళ డాక్టరమ్మ ఒకావిడ ఉంది, ఆవిడ అచ్చు అచ్చు కాదు, జల్లెడ. ఆవిడ పెట్టె వచ్చిన రోజు ల్యాబంతా నవ్వుకుంటాం.

డాక్టర్ ఒర్దుస్ అచ్చుల్లో పదకొండేళ్ళలో ఒక్క బుడగ చూడలేదు. చిగురు అంచు గోటితో గీసినట్టు దిగుతుంది. అంత ఓపికగల చెయ్యి ఈ బుకరమాంగా ఊళ్ళో ఇంకొకటి లేదు. ఆర్డర్ చీటీలు మాత్రం కోడి గెలికినట్టు రాస్తాడు. కుడి అనాల్సిన చోట ఎడమ అంటాడు. చిగురు జారిన పళ్ళని కూడా నొక్కేలా ప్లేటు చెయ్యమంటాడు. నేనే చూసుకుని కొక్కెం సరైన వైపు వేస్తాను, బలహీనమైన పన్ను వెనక ప్లేటు కాస్త అరగదీస్తాను. క్షణం తీరిక లేని మనిషి, ఆ మాత్రం పొరపాట్లు ఎవరైనా చేస్తారు.

ఆయన దగ్గరికే వెళ్తాను.

ఇక ఏ రకం అన్నది. పంటి రంగు క్లిప్పులైతే నా కాఫీకి నెల తిరక్కుండా పసుపెక్కుతాయి. ప్లాస్టిక్ తొడుగులు తినేటప్పుడు, తాగేటప్పుడు తీసేయాలి, రోజుకి ఎనిమిది కాఫీలు తాగేదాన్ని, ఎనిమిది సార్లు తీసి జేబులో వేసుకుని తిరగాలి. పళ్ళ వెనక పెట్టేవి నాలుక కోస్తాయి. నాకు ఇనుప క్లిప్పులే కావాలి. ఇనుము ఇనుములాగే కనిపిస్తుంది.

ఫిబ్రవరి 20, గురువారం

ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "మీ ల్యాబు చేతులు బంగారమండీ యోలిమా గారూ," అన్నాడు. ఎంత మర్యాద. నోట్లో అద్దం పెట్టి చూశాడు, పాట ఒకటి సగం ఈల వేసేంత సేపు.

"పళ్ళు తోముకుంటే నెత్తురొస్తోంది డాక్టర్. ముందు చిగుళ్ళు చూపించుకోవాలా?"

"వరస సర్దుకుంటే నెత్తురు అదే తగ్గుతుంది."

ఆయనకి తెలియదా.

తీరిక లేక అచ్చు మాత్రం జొరాయిదా చేత తీయించాడు. జొరాయిదా అంటే అక్కడి సహాయకురాలు, యాభై ఏళ్ళుంటాయి, పదకొండేళ్ళుగా ఫోన్లో గొంతు వినడమే గానీ మనిషిని చూడటం ఇదే. దవడ కింద అరచెయ్యి పెట్టి, "ముక్కుతో ఊపిరి తీసుకోండి, నాతో పాటు అంకెలు లెక్కపెట్టండి," అంది. వాంతి రాలేదు. ఆయన బాగా నేర్పించాడు.

ఫిబ్రవరి 24, సోమవారం

నా నోరు నా బల్ల మీదికొచ్చింది. నేనే ప్లాస్టర్ పోశాను. బుడగ లేదు.

మార్చి 3, సోమవారం

క్లిప్పులు పెట్టాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఎవరితోనో గుర్రం బేరం ఆడుతూ పెట్టాడు. నలభై నిమిషాల్లో అయిపోయింది. చెయ్యి తిరిగినవాళ్ళంతే, మాట్లాడుతూనే పని చేసేస్తారు. నేను మాత్రం రేడియో పెట్టుకుని ప్లాస్టర్ కలపడం లేదా?

మార్చి 4, మంగళవారం

సూప్.

ఏప్రిల్ 22, మంగళవారం

ఈస్టర్ పవిత్ర వారం వానలకి, మా ఊళ్ళో ఇష్టంగా తినే చీమలు లేచాయి. లూడీ వేయించిన పెద్ద చీమలు పొట్లం కట్టించుకుని తెచ్చి నా ఎదురుగా కూర్చుని కరకరలాడించింది.

"నువ్వు వాసన చూడక్కా. కాళ్ళు క్లిప్పుల్లో ఇరుక్కుంటాయి."

ఒకటి నమిలాను పంతానికి. కింది ఎడమ ముందు పన్ను జివ్వుమంది. నెలనెలా తీగ మార్చినప్పుడల్లా మూడు రోజులు అలాగే ఉంటోంది. ఆయన గట్టి తీగే వేస్తాడు, వేగంగా పని జరుగుతుందట.

జూన్ 14, శనివారం

ఆ పన్ను నాలుకతో తోస్తే కదులుతోంది. క్లిప్పులు పెట్టించుకున్నదే పళ్ళు కదలడానికి. కదలకపోతే ఎందుకు పెట్టించుకున్నట్టు?

జూలై 20, ఆదివారం

నాకు భయమేమీ లేదు.

సెప్టెంబరు 2, మంగళవారం

నా ఆరు నెలల అచ్చు వచ్చింది. ప్లాస్టర్ గట్టిపడ్డాక విప్పి, అల్మారాలోంచి ఫిబ్రవరి బొమ్మ తీసి పక్కన పెట్టాను. కింది వరస తిన్నగా వచ్చింది. ఎంత ముచ్చటగా ఉందో. పక్క బల్ల మీద పనిచేసేవాళ్ళని పిలిచి చూపిద్దామనుకుని, ఎందుకో ఆగాను.

ఎడమ ముందు పన్ను పొడుగ్గా ఉంది.

పళ్ళు పెరగవు. చిగురు దిగిపోతుంది. కాలిపర్ పెట్టి కొలిచాను. ఫిబ్రవరిలో తొమ్మిది మిల్లీమీటర్లు. ఇప్పుడు పన్నెండున్నర. మళ్ళీ కొలిచాను, పన్నెండున్నర. కాలిపర్ మార్చి కొలిచాను. పన్నెండున్నర.

ఇలాంటి బొమ్మలు నేను వందల్లో చూశాను. ఇలా మూడున్నర మిల్లీమీటర్లు జారిన పన్ను మూడేళ్ళు నిలిస్తే గొప్ప. ఈ మాట ఇంకొకళ్ళ పన్ను గురించి నేనే ఎన్నిసార్లు అన్నానో.

సెప్టెంబరు 3, బుధవారం

రెండు బొమ్మలూ గుడ్డలో చుట్టుకుని వెళ్ళాను. ఒర్దుస్ వాటిని చేత్తో కూడా ముట్టుకోలేదు.

"మీకు కొలతల పిచ్చి యోలిమా గారూ. నలభై దాటాక ఎవరికైనా కాస్త చిగురు జారుతుంది."

"ఆరు నెలల్లోనా డాక్టర్? పన్ను ఊగుతోంది."

"వరస తిన్నగా వచ్చిందా లేదా? అద్దంలో చూసుకుని హాయిగా నవ్వండి. ఆడవాళ్ళు కొలుచుకోవాల్సింది నడుము, చిగురు కాదు."

నేను నవ్వాను. ఆ కుర్చీలో వెల్లకిలా పడుకుని, ఆ మాటకి నవ్వాను. ఆయన వేసిన జోకుకి ఆయన క్లిప్పులు కనిపించేలా నవ్వాను. ఇంటికొచ్చినప్పటి నుంచి అరికాలి మంట నెత్తికెక్కుతోంది. పళ్ళు కొరుక్కుందామన్నా ఊగే పన్ను గుర్తొచ్చి ఆగిపోవాల్సి వస్తోంది.

సెప్టెంబరు 5, శుక్రవారం

జొరాయిదా మధ్యాహ్నం క్లినిక్ ఎదురుగా కాఫీ బండి దగ్గర నిలబడుతుందని తెలుసు. వెళ్ళాను.

"ఈ అచ్చు తీయడం ఆయన మీకు ఎప్పుడు నేర్పించారు?"

"ఆయన నాకు నేర్పడమా?" అంది. "ఆయన అచ్చు తీస్తే రోగి వాంతి చేసుకుంటాడు. నేను చేరిన మొదటి వారంలోనే ట్రే నా చేతికిచ్చేశాడు."

"అంటే ఈ పదకొండేళ్ళూ?"

"నేనే. మీ నోట్లో కూడా నేనేగా పెట్టాను. మీరు చూడలేదా?"

చూశాను. కళ్ళు తెరుచుకుని చూశాను. చూసి, ఇంటికొచ్చి, ఈ పుస్తకంలో ఏం రాశానో ఇప్పుడే వెనక్కి తిప్పి చదివాను. ఛీ.

"చిగురు దిగిపోతున్నట్టు మీకు కనిపించలేదా?" అని అడిగాను.

"మే నెలలోనే కనిపించింది."

"మరి చెప్పలేదేం?"

ఆవిడ కాఫీ తాగడం ఆపలేదు. "మీ ప్లేట్ల పెట్టెలు విప్పేది నేనే యోలిమా గారూ. చీటీలో కొక్కెం ఎడమ వైపని ఉంటుంది, మీరు కుడి వైపు వేసి పంపుతారు. అదే సరైన వైపు. ఎన్నేళ్ళుగా చూస్తున్నాను. మీరెప్పుడైనా ఎవరికైనా చెప్పారా?"

కప్పు విసిరికొడదామనుకున్నాను. కాఫీ అప్పటికే తాగేశాను.

పదకొండేళ్ళు ఆయన చెయ్యి అనుకుని నేను దణ్ణం పెట్టింది సగం జొరాయిదా చేతికి, సగం నా చేతికి. నోరు మాత్రం తీసుకెళ్ళి ఆయనకిచ్చాను.

సెప్టెంబరు 8, సోమవారం

దోన్ ఇస్నార్దోకి అంతా చెప్పాను. తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"ల్యాబు పనిలో సగం ఒర్దుస్‌దే. ఆయన చెయ్యి తీసేస్తే నువ్వూ నేనూ బొకడియో జామ మిఠాయి అమ్ముకోవాలి. బొమ్మలు చేసేవాళ్ళకి చేతులే ఉంటాయి యోలిమా, నోరుండదు."

"నా నోరే కదా పోయింది దోన్ ఇస్నార్దో."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? వెళ్ళు, ప్లాస్టర్ గట్టిపడుతుంది."

వెళ్ళాను. నిజంగానే గట్టిపడిపోయింది. పారబోశాను.

సెప్టెంబరు 13, శనివారం

చివరికి ఎవరి దగ్గరికి వెళ్ళానో రాయడానికి సిగ్గుగా ఉంది. డాక్టర్ అమాయా. జల్లెడ.

సన్న పుల్ల లాంటి కొలతతో ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల గుచ్చి చూసింది. ఎక్స్‌రే తీయించి వెలుతురుకి పట్టుకుంది. గంటన్నర పట్టింది. గుర్రాల మాట ఎత్తలేదు.

"ఈ వయసులో క్లిప్పులు తప్పేమీ కాదమ్మా. చిగుళ్ళ జబ్బు తగ్గించకుండా పెట్టడం తప్పు. పెట్టినా సన్న తీగతో నెమ్మదిగా లాగాలి. నీకు ముందు వైపు ఎముకే పలచన. పన్నుని ఎముక బయటికి తోసేశారు."

క్లిప్పులు తీసేసింది. ఊగే పన్నుని అటూ ఇటూ ఉన్నవాటికి తీగతో కట్టింది.

"నిలుస్తుందా?"

"నిలవచ్చు, నిలవకపోవచ్చు. అబద్ధం చెప్పలేను. ముందే నా దగ్గరికి రావాల్సింది. ఎందుకు రాలేదు?"

మీ అచ్చుల్లో బుడగలుంటాయండీ అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? చేతులకి కీళ్ళ నొప్పులట ఆవిడకి. ఏ పనీ ఇంకొకళ్ళకి ఒప్పజెప్పదట, అచ్చు కూడా. వణికే చేత్తోనే తీస్తుంది.

సెప్టెంబరు 21, ఆదివారం

లూడీ అరేపా పాలలో నానబెట్టి పెట్టింది. ఒక్క జోకూ వెయ్యలేదు. అది జోకు వెయ్యకపోతే నాకు ఇంకా మంటగా ఉంది.

అక్టోబరు 7, మంగళవారం

ఒర్దుస్ నుంచి పెట్టె. ఓఫెలియా వెస్గా, యాభై రెండేళ్ళు. అచ్చులో బుడగ లేదు, జొరాయిదా చెయ్యి. కింది ముందు పళ్ళు రెండు బొమ్మలోనే పొడుగ్గా కనిపిస్తున్నాయి, అచ్చం నా పన్నులాగే. చీటీ: కింది దవడకి మర తిప్పితే విచ్చుకునే ప్లేటు, ముందు పళ్ళన్నిటినీ గట్టిగా నొక్కాలి. పెట్టే రోజు తొమ్మిదో తేదీ, ఉదయం పది.

మామూలుగా అయితే ఆ రెండు పళ్ళ వెనకా అరగదీసేదాన్ని. ఇవాళ అరగదీయలేదు. చీటీలో రాసింది రాసినట్టు చేశాను. చేతులే కదా ఉన్నది నాకు, నోరు లేదుగా. మెరుగు పెట్టి, పెట్టెలో పెట్టి, పంపే అల్మారాలో పెట్టాను. ఇక నుంచి ఒక్క తప్పూ దిద్దను. వరసగా పది మంది పళ్ళూగితే ఆయన బండారం దానంతటదే బయటపడుతుంది.

ఈ మధ్య ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

అక్టోబరు 8, బుధవారం

పొద్దున కాఫీ దగ్గర లూడీకి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. అది కప్పు కింద పెట్టింది.

"ఆ నోరు ఎవరిదక్కా?"

"ఎవరో ఓఫెలియా."

"పన్ను ఊడితే నొప్పి డాక్టరుకా, ఆవిడకా?"

నానా మాటలూ అన్నాను దాన్ని. చెప్పులు అతికించుకునేదానివి, నీకేం తెలుసని కూడా అన్నాను. అది చెప్పులు వేసుకుని పనికి వెళ్ళిపోయింది, తలుపు కూడా గట్టిగా వెయ్యలేదు.

ప్లేటు వెనక్కి తీద్దామని ల్యాబుకి వెళ్ళేసరికి అల్మారా ఖాళీ. పెట్టె వెళ్ళిపోయింది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఒర్దుసే ఎత్తాడు. పెట్టేశాను.

అక్టోబరు 9, గురువారం

తొమ్మిదిన్నరకే వెళ్ళి క్లినిక్ హాల్లో కూర్చున్నాను. నాతో కలిపి ఐదుగురం. జొరాయిదా నన్ను చూసింది. పది అవుతుండగా పొట్టిగా, లావుగా ఒకావిడ వచ్చి, చేతిలో కూరగాయల సంచీతో బల్ల దగ్గర పేరు చెప్పింది. ఓఫెలియా వెస్గా.

లేచి ఎదురెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకోలేదు. కింది పెదవి వేళ్ళతో లాగి చూపించాను.

"ఇది చూడండమ్మా. ఫిబ్రవరిలో ఈ పన్ను గట్టిగా ఉండేది. నేనూ ఈ డాక్టరు దగ్గరే చేయించుకున్నాను. ముందు మీ చిగుళ్ళు చూపించుకోకుండా లోపలికి వెళ్ళకండి."

"మీరెవరండీ?"

"మీ ప్లేటు చేసినదాన్ని."

ఒర్దుస్ గది లోంచి బయటికొచ్చాడు.

"ఏమిటిది యోలిమా గారూ? ఇది పద్ధతేనా? దోన్ ఇస్నార్దోకి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"చేసుకోండి. నంబరు కావాలంటే నేనే చెప్తాను."

"జొరాయిదా, సెన్యోరా ఓఫెలియాని లోపలికి తీసుకురా."

జొరాయిదా కుర్చీలోంచి కదల్లేదు. ఆయన రెండోసారి కూడా అన్నాడు. ఆవిడ అపాయింట్‌మెంటు పుస్తకంలో ఏదో వెతుకుతూ ఉండిపోయింది.

ఓఫెలియా నా మొహంలోకి చూస్తోంది. "నావి కూడా ఊగుతున్నాయి," అంది మెల్లగా. "అడిగితే మామూలే అన్నారు." సంచీ కింద పెట్టి, అందరి ముందూ పెదవి కిందికి లాగింది. "చూడండి. మీకు తెలుస్తుందిగా."

బల్ల మీది చేతి తొడుగు ఒకటి తీసుకుని వేలితో తాకాను. రెండూ కదిలాయి. ఇరవై రెండేళ్ళలో ప్లాస్టర్ పళ్ళే తప్ప బతికున్న మనిషి పన్ను ముట్టుకోవడం నాకు అదే మొదలు. వెచ్చగా ఉంది.

"ఊగుతున్నాయండీ."

"ఆ ప్లేటు పెడితే?"

"ఊడిపోతాయి."

"ఆ సంగతి చేసేటప్పుడు మీకు తెలియదా?"

తెలియదని అనొచ్చు. చీటీలో ఉన్నట్టు చేశానని అనొచ్చు, అది నిజమే కూడా.

"తెలుసు," అన్నాను. "ఆయన మీద కోపంతో తెలిసే చేశాను."

ఓఫెలియా నా చెంప మీద కొట్టింది. అరచెయ్యంతా తగిలేలా కొట్టింది, కట్టిన పన్ను దవడలోపల జివ్వుమంది. ఒర్దుస్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆవిడ కూరగాయల సంచీ అందుకుని నా మణికట్టు పట్టుకుంది.

"మీ పన్ను కట్టినవాళ్ళు ఎవరో, పదండి, అక్కడికి తీసుకెళ్ళండి."

డాక్టర్ అమాయా దగ్గరికి ఎనిమిది వీధులు, అన్నీ ఎత్తే. దారి పొడుగునా ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.